నోట్లో కరిగిన నేరం

యోషిత అన్నం తినదు. ఇడ్లీ ముక్క పెడితే బుగ్గన దాచుకుని పూటంతా తిరుగుతుంది. పాలగ్లాసు కనబడితే మంచం కిందికి దూరుతుంది. అరటిపండు చేతికిస్తే, పండు ఎదురింటి మేకపిల్లకి పెట్టి, తొక్క మాత్రం బాధ్యతగా తెచ్చి అమ్మకిస్తుంది. మూడేళ్ల పిల్ల. చంకనెత్తుకుంటే ఎండిన బీరకాయని ఎత్తుకున్నట్టు ఉంటుంది. అంగన్‌వాడీ టీచరు నెలనెలా పిల్లని తూకానికి ఎక్కించి, ముందు ముల్లు వైపు, తర్వాత తల్లి వైపు చూసేది. ఆ రెండో చూపుకి సత్యవేణికి వారం పాటు నిద్ర ఉండేది కాదు.

చెయ్యని వంట లేదు, మొక్కని మొక్కు లేదు. చివరికి ఓ రోజు జొన్నపిండిలో కాసింత కాగిన నూనె పోసి, వాము వేసి, చేత్తో మెత్తగా కలిపి, జంతికలు వత్తి, వేయించకుండా ఓవెన్‌లో కాల్చి చూసింది. గుల్లగా వచ్చాయి. పిల్ల ఒక ముక్క నోట్లో వేసుకుంది. వేసుకున్నది వేసుకున్నట్టే కరిగిపోయింది. చెయ్యి చాపి, "ఇంకోటి" అంది.

ఆ మాట విన్న సత్యవేణి వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా వెళ్లి, "మా పిల్ల ఇంకోటి అందండీ" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి వచ్చింది.

అలా చెప్పడమే కంపెనీకి పునాది. విన్నవాళ్లలో పొద్దున్నే హైస్కూలు మైదానంలో నడిచే పెద్దలున్నారు. షుగరున్నవాళ్లు, పొట్ట తగ్గించకపోతే ఇక నా దగ్గరికి రావద్దని డాక్టరు చెప్పినవాళ్లు, సాయంత్రం అయ్యేసరికి ఏదో ఒకటి నమలకపోతే ఇంట్లో వాళ్లని నమిలేసేవాళ్లు. నూనెలో వేయించని జంతిక అనగానే వరస కట్టారు. ముందుగది కాస్తా 'యోషిత తేలిక రుచులు' అయింది. వత్తడానికి నలుగురు ఆడవాళ్లు కుదిరారు. సత్యవేణి భర్త సూరిబాబు తన ఆటోలో ప్యాకెట్లు కొట్లకి వేసి వచ్చేవాడు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆగిపోయిన సత్యవేణి, ప్యాకెట్టు మీద తన పిల్ల పేరు అచ్చులో చూసుకుని, ఎవరూ లేనప్పుడు మళ్లీ చదువుకునేది.

ఇలా సాగిపోతుండగా రాష్ట్ర తేలిక ఆహార ప్రామాణికాల మండలి అనే ఒక మండలి పుట్టింది. పుట్టిన ప్రతి మండలీ ముందుగా ఒక ఉత్తర్వు జారీ చేస్తుంది. ఇదీ చేసింది.

"తయారీదారులందరికీ తెలియజేయడమేమనగా, పదార్థములో గల క్యాలరీల నుండి, సదరు పదార్థమును తినుటకు తినువాడు వెచ్చించు క్యాలరీలను మినహాయించి, మిగిలిన నికర క్యాలరీలను మాత్రమే పరిగణనలోనికి తీసుకొనవలెను. నికర క్యాలరీలు సున్నాకు సమీపించిన పదార్థములకు ఈక ముద్ర మంజూరు చేయబడును. ఈక ముద్ర లేని తయారీ కేంద్రముల పొయ్యిలకు సీలు వేయబడును."

సత్యవేణి రెండుసార్లు చదివి, మూడోసారి సూరిబాబు చేత చదివించింది.

"ఏం లేదే, తినడానికి ఎంత కష్టపడ్డావో అంత తీసేస్తారంట" అన్నాడు సూరిబాబు.

"తినడానికి కష్టం ఏంటయ్యా?"

"నీ కూతుర్ని అడుగు."

నవ్వాలో వద్దో తెలియలేదు సత్యవేణికి. ముద్ర రాకపోతే పొయ్యి ఆగుతుంది. పొయ్యి ఆగితే ఆ పిల్ల తినే ఒక్క తిండీ ఆగిపోతుంది. ఒక ప్యాకెట్టు సంచిలో వేసుకుని, పిల్లని చంకనేసుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

మండలి కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మీద 'మరమ్మతులో ఉన్నది' అన్న కాగితం అంటించి ఉంది. ఆ కాగితం వెలిసిపోతే దాని మీద ఇంకో కాగితం అంటించారు. మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ లోపలికి వెళ్తే ఉపసంచాలకులు పరాంకుశం గారు ఎదురుగా ఉన్నారు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా, మండలి నిబంధనలకే చొక్కా తొడిగినట్టు ఉన్నారు. పక్కన కుర్చీలో గవర్రాజు అనే అటెండరు కూర్చుని ఉన్నాడు. అతను మిగతా అటెండర్లలాంటివాడు కాదు. దవడలు గట్టివని జిల్లా మొత్తం మీద వెతికి తెచ్చి, 'అధీకృత నమలు సహాయకుడు' అన్న హోదా ఇచ్చి కూర్చోబెట్టారు. రెండు దవడలకీ తీగలు అంటించి ఉన్నాయి. అవి బల్ల మీది పెట్టెలోకి వెళ్తున్నాయి. నమిలినకొద్దీ పెట్టె మీద అంకె పెరగాలి.

గవర్రాజు ఒక జంతిక నోట్లో వేసుకుని నోరు మూశాడు. పెట్టె మీద అంకె కదల్లేదు.

"మొదలుపెట్టు" అన్నారు పరాంకుశం గారు.

"అయిపోయిందండి."

"ఏం అయిపోయింది?"

"కరిగిపోయిందండి."

పరాంకుశం గారి పెన్ను ఆగింది. "నమలకుండానా?"

"నవలడానికేం మిగల్లేదండి బాబూ. ఇలా ఏశాను, అలా ఎల్లిపోయింది." గవర్రాజు ప్యాకెట్టు వైపు చూశాడు. "మళ్లీ పరీక్ష చెయ్యమంటారా?"

మళ్లీ చేశాడు. నిర్ధారణ కోసం ఇంకోసారి చేశాడు. నాలుగోది పరీక్ష కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి, రోగం పేరు చెప్పబోయే డాక్టరులా గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఇది చాలా తీవ్రమైన విషయం. ఒక పదార్థం తినేవాడి వైపు నుంచి ఎలాంటి సహకారమూ కోరకుండా లోపలికి వెళ్లిపోయింది. దీన్ని మా పరిభాషలో అప్రతిఘటిత ప్రవేశం అంటారు."

"నోట్లో వేసుకుంటే కరిగిపోయిందంటే, బావుందని కదండీ?"

"అది ప్రజలు అనే మాట. ప్రజలు తెలియక అంటారు. తెలియనివాళ్ల కోసమే కదా మేం ఉన్నది." ఆయన ఎర్ర సిరాతో అభ్యంతరం రాశారు: 'నోట్లో కరుగుచున్నది.' పక్షం రోజుల్లో ఈ లోపాన్ని సరిదిద్దుకోవాలన్నారు.

బస్సులో వస్తున్నంతసేపూ యోషిత జంతిక ముక్క చప్పరిస్తూనే ఉంది. ఇంత నేరం ఈ చిన్న నోట్లో ఎలా పడుతోందా అని సత్యవేణి దాని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో సూరిబాబు నోరు జారాడు. "గట్టి జంతికలే కావాలంటే మనింట్లోనే ఉంది కదే మనిషి."

అని నాలిక కరుచుకున్నాడు. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న మంగాయమ్మ చెయ్యి ఆగిపోయింది.

మంగాయమ్మ సూరిబాబు తల్లి. ఆవిడ జంతికలు ఊళ్లో పేరున్నవే. పిండిలో కాగిన నూనె పొయ్యడం శుద్ధ దండగని ఆవిడ సిద్ధాంతం. చన్నీళ్లతో కలిపి, పిండి బిగుసుకుపోయేదాకా మూతపెట్టి, ఇద్దరు మనుషులు గొట్టం మీద బరువేస్తే తప్ప దిగని జంతికలు వత్తేది. సారెలో పంపితే వియ్యాలవారు పిల్లని ఉంచుకున్నారు గానీ డబ్బా అలాగే తిప్పి పంపారు. ఆడపడుచు మొగుడొకాయన పంతానికి కొరికి, పై పన్ను ఒకటి ఆ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. అప్పట్నించీ ఏ పెళ్లిలో కలిసినా నోరు మూసుకునే నవ్వేవాడు. ఈ నవ్వులన్నీ మింగి మంగాయమ్మ జంతికల గొట్టం ముట్టుకోవడం మానేసి చాలా కాలమైంది.

"అత్తయ్యా," అంది సత్యవేణి, మంగాయమ్మ కాళ్ల దగ్గర కూర్చుని. "మీరు చేసే జంతికలు ఎలా చేస్తారో నాకు నేర్పరూ?"

మంగాయమ్మ కోడలి వైపు అనుమానంగా చూసింది. "ఎవరు అడగమన్నారే?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటా!" మంగాయమ్మ వత్తులు పక్కన పెట్టింది. "ఒరే సూరీ, మీ నాన్న బతికున్నప్పుడు నేను చేసిన జంతిక గోడకేసి కొట్టాడు. గుర్తుందా? గోడ పెచ్చూడింది. జంతిక విరిగిందా?"

"విరగలేదమ్మా."

"ఆ మనిషి ఇప్పుడుండాల్సింది." కొంగు బొడ్లో దోపి లేచింది. "పదండి. ముందా నూనె గిన్నె నా కళ్ల ముందు నించి తియ్యండి."

మర్నాటి నించి ముందుగదిలో మంగాయమ్మ మాటే చట్టం. ఇన్నాళ్లూ గుల్లగా వస్తే మురిసిపోయిన నలుగురు ఆడవాళ్లూ ఇప్పుడు గుల్లగా వస్తే తిట్లు తిన్నారు. "ఇదేంటే, ఇరిచితే ఇరిగిపోతోంది! సిగ్గులేదూ?" అని మంగాయమ్మ ఒక్కొక్క జంతికనీ గడపకి కొట్టి చూసేది. చప్పుడు కంచుగా వస్తేనే ప్యాకెట్టులోకి వెళ్లేది.

రెండో పరీక్షలో గవర్రాజు జంతిక నోట్లో వేసుకున్నాక పరాంకుశం గారు ఒక ఫైలు చదివి, టీ తాగి, ఫోను మాట్లాడి వచ్చారు. గవర్రాజు ఇంకా మొదటి చుట్టులోనే ఉన్నాడు. కణతల మీద నరాలు లేచాయి. పెట్టె మీద అంకె గంతులేస్తోంది.

"శ్రమ కనబడుతోంది!" అన్నారు పరాంకుశం గారు తృప్తిగా. "ఎలా ఉందయ్యా?"

గవర్రాజు చెయ్యెత్తి, ఇప్పుడు మాట్లాడలేనని సైగ చేశాడు. కళ్లనించి నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లకి కూడా కొన్ని క్యాలరీలు మినహాయించారు.

అర్ధ ఈక ముద్ర వచ్చింది. పూర్తి ఈక రావాలంటే ఇంకొంచెం కృషి కావాలన్నారు. దానితోపాటే ఒక షరతు కూడా పెట్టారు. గట్టి పదార్థం తయారయ్యే ఆవరణలో కరిగే పదార్థం తయారుకారాదు. పొరపాటున ఒకదానిలో ఒకటి కలిస్తే, గట్టిదని నమ్మి కొన్న పౌరుడు దగా పడతాడు.

ఆ ఆవరణ అంటే సత్యవేణి ఇల్లే.

ఆ తర్వాత ఉత్తర్వులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పక్క జిల్లాలో ఎవరో నువ్వుల ఉండలు చేసి, ప్యాకెట్టుతోపాటు చిన్న సుత్తి ఇవ్వడం మొదలుపెట్టారు. సుత్తి ఎత్తి దించిన శ్రమ లెక్కలోకి వస్తుందా రాదా అని మండలి తర్జనభర్జన పడి, వస్తుందని తేల్చింది. అలాగైతే ప్యాకెట్టు విప్పే శ్రమ మాత్రం ఏం పాపం చేసిందని ఇంకో ఉత్తర్వు వచ్చింది. సూరిబాబు ఆటో మీద బీరువాలు కట్టే ముడి ఒకటుంది. వేసినవాడు తప్ప విప్పలేడు. అది ప్యాకెట్లకి వేశారు. పోనుపోను కొట్టుకి నడిచి వచ్చే శ్రమ కూడా తినే శ్రమలో భాగమేనన్నారు. దాంతో కిరాణా కొట్లన్నీ మేడ మీదికి మారాయి. లిఫ్టున్న కొట్టువాడికి నోటీసు వచ్చింది.

జనం కొనడం మానేశారా అంటే మానలేదు. డాక్టర్లు రాస్తున్నారు మరి. ఓ రోజు రిటైరైన లెక్కల మాస్టారు సుదర్శనం గారు మైదానంలో సత్యవేణికి ఎదురుపడ్డారు. చేతిలో ముడివేసిన ప్యాకెట్టు ఉంది.

"కొత్త సరుకా మాస్టారూ?"

"పాతదేనమ్మా. ఇంకా విప్పుతున్నాను." ఆయన ముడి మీంచి చూపు తిప్పలేదు. "అన్యాయం మాట్లాడకూడదు. బరువు మాత్రం తగ్గాను."

ఈ మాట మండలి చెవిన పడి, ఆయన ఫొటో వేసి పోస్టరు అచ్చు కొట్టించారు.

తగ్గినవాళ్లలో యోషిత కూడా ఉంది. దాని ఫొటో మాత్రం ఎవరూ వెయ్యలేదు. నానమ్మ జంతిక చేతికిస్తే ముందు నాకి చూసింది. తర్వాత గాజులా చేతికి తొడుక్కుంది. రెండో చేతికీ ఒకటి అడిగి తొడుక్కుని, గలగలలాడిస్తూ వీధిలో తిరిగింది. "ఆకలేస్తే తనే తింటుందిలే" అన్నారు చూసినవాళ్లు. అంగన్‌వాడీ టీచరు ఆ నెల ముల్లు వైపు చూసి, సత్యవేణి వైపు చూడనే లేదు. అది ఇంకా భయపెట్టింది.

ఆ మధ్యాహ్నం వత్తేవాళ్లు అన్నాలకి వెళ్లగానే సత్యవేణి వంటింటి తలుపు వేసుకుంది. గ్యాస్ పొయ్యి మీద మందపాటి గిన్నె పెట్టి, గుప్పెడు పిండిలో కాగిన నూనె పోసి, కుక్కరు విజిల్ వేసినా ఎవరో వచ్చారని ఉలిక్కిపడుతూ, చారెడు మెత్తటి జంతికలు కాల్చింది. బాతు బొమ్మ ఉన్న పిల్ల డబ్బాలో వేసి, "ఎవరికీ పెట్టకేం బుజ్జమ్మా. ఇది మన రహస్యం" అంది.

"ఇంకోటి" అంది యోషిత.

అలా వారంలో రెండు మూడు మధ్యాహ్నాలు సత్యవేణి నేరం చేస్తూ వచ్చింది. పిల్ల బుగ్గ మీద కాస్త మెరుపు కనబడితే సంతోషంతో పాటు గుండె గుభేలుమనేది. ఎవరైనా చూస్తారేమో!

పూర్తి ఈక ముద్ర ఇవ్వడానికి రాజధాని నుంచి రాష్ట్ర సంచాలకులే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఇంటి ముందు షామియానా వేశారు. సంచాలకుల వెనక పరాంకుశం గారు, ఆయన వెనక తీగలూ పెట్టెతో గవర్రాజు దిగారు. మంగాయమ్మ పట్టుచీర కట్టుకుని, కన్సల్టెంటు హోదాలో ముందు వరసలో కూర్చుంది.

సంచాలకుల వారు ఒక ప్యాకెట్టు అందుకుని ఫొటోగ్రాఫర్ వైపు తిరిగారు. ముడి లాగారు. ముడి బిగుసుకుంది. నవ్వుతూనే ఇంకో వైపు లాగారు. ఇంకాస్త బిగుసుకుంది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, స్టాండుకి తగిలించి, కొబ్బరినీళ్లు తాగడానికి వెళ్లాడు.

"అద్భుతం," అన్నారు సంచాలకులు, చెమట తుడుచుకుంటూ. "పౌరుడు తిండికి చేరుకునే లోపలే ఆరోగ్యవంతుడవుతున్నాడు."

"పంటితో లాగండి బాబూ" అంది మంగాయమ్మ. "పన్ను ఊడినా పర్లేదు, మా ఆడపడుచు మొగుడిక్కూడా ఊడింది."

మధ్యాహ్నం దాటిపోయింది. మండలి కార్యక్రమాల్లో భోజనం పెట్టడం నిషేధం కాబట్టి అందరూ ప్యాకెట్ల మీదే ఆధారపడి ఉన్నారు. షామియానా అంతటా పెద్దమనుషులు తలలు వంచుకుని ముళ్లు విప్పుకుంటున్నారు. ఓ మూల స్టూలు మీద, దవడలకి తీగలతో, గవర్రాజు నీరసంగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

యోషిత ఇంట్లోంచి బాతు డబ్బా పట్టుకుని వచ్చింది. అందరినీ చూసింది. గవర్రాజు మొహంలో దానికి ఏం కనిపించిందో, దగ్గరికి వెళ్లి, డబ్బాలోంచి ఒకటి తీసి, "ఇంద" అంది.

సత్యవేణి గుమ్మంలోంచి చూసింది. పరుగెత్తబోయింది. గవర్రాజు అప్పటికే నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నెలల తరబడి బిగుసుకున్న మొహం విచ్చుకుంది. అలవాటైన ఉద్యోగధర్మం వల్ల, కళ్లు తెరవకుండానే షామియానా దద్దరిల్లేలా చెప్పేశాడు.

"కరిగిపోయిందండీ!"

ముళ్లు విప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

గవర్రాజు కళ్లు తెరిచి, ఎదురుగా సత్యవేణిని చూసి నోటి మీద చెయ్యేసుకున్నాడు. "అయ్యో, అమ్మా... అలవాట్లో..."

పరాంకుశం గారు డబ్బా అందుకున్నారు. "ద్వంద్వ తయారీ! ఈక ముద్ర ఇవ్వబోయే ఆవరణలో, ఈక ముద్ర ఇవ్వబోయే రోజున!"

"పిల్ల కోసమండీ," అంది సత్యవేణి. "అది ఇంకేం తినదండీ. ఇవి తప్ప... బజారుకి ఒక్కటి కూడా వెయ్యలేదండీ, ఒట్టు."

"పిల్ల కూడా పౌరురాలేనమ్మా. నిబంధన అందరికీ సమానం." డబ్బాలోంచి ఒకటి తీశారు. "అయితే ఆధారాన్ని స్వయంగా పరిశీలించకుండా చర్య తీసుకోవడం సహజన్యాయానికి విరుద్ధం." నోట్లో వేసుకున్నారు. ఆకాశం వైపు చూశారు. తర్వాత డబ్బా సంచాలకుల వారికి అందించారు. పైఅధికారి ధ్రువీకరణ కావాలి కదా. ఆయన ధ్రువీకరించారు. పునఃపరిశీలించారు. పక్కనున్న ఉద్యోగులు సాక్షులుగా తలా ఒకటి పరిశీలించారు.

డబ్బా ఖాళీ అయింది. యోషిత అందులోకి తొంగి చూసి, పెదవి విరిచి, ఊళ్లో కుక్కలన్నీ లేచేలా ఏడుపు లంకించుకుంది.

ఓవెన్‌కీ, గ్యాస్ పొయ్యికీ, ముందుజాగ్రత్తగా జంతికల గొట్టానికీ సీలు వేశారు. మంగాయమ్మ, "నా గొట్టం ఏం చేసిందయ్యా!" అని అడ్డం పడినా వినలేదు. తర్వాత పరాంకుశం గారికి ఒక చిక్కు కనిపించింది. విచారణలో చూపించడానికి ఆధారం లేదు. అక్కడికక్కడే ఇంకో ఉత్తర్వు రాశారు: 'ఆధారము తయారుచేయు నిమిత్తము ఒక పూటకు సీలు సడలించడమైనది. ఆధారము సమృద్ధిగా ఉండవలెను.'

విచారణ రోజున సత్యవేణి ఆధారాన్ని డబ్బాలో పోసుకుని, పిల్లని చంకనేసుకుని, మూడంతస్తులూ ఎక్కింది. పై కౌంటరులో ఉన్నాయన కింద టోకెను తీసుకోవాలన్నాడు. కిందికి వెళ్తే, టోకెనుకి పైన సంతకం కావాలన్నారు. సంతకం పెట్టేవారు రెండో అంతస్తులో ఉంటారు, కానీ ఆయన ముద్ర నాలుగో అంతస్తులో ఉంటుంది. నాలుగో అంతస్తులో ఆవిడ, పిల్లతో పైకి రాకూడదని, కిందికి వెళ్లి అనుమతి తెచ్చుకోమంది. ఎక్కడ దింపినా పిల్ల నిలవదు. ఎక్కింది, దిగింది, ఎక్కింది. పరాంకుశం గారి ముందు నిలబడేసరికి ఒళ్లంతా చెమట, కాళ్లు వణుకుతున్నాయి, మాట బదులు గాలి వస్తోంది.

పరాంకుశం గారు ఆధారం డబ్బాని ఆప్యాయంగా దగ్గరికి లాక్కున్నారు. "నీ జంతికల నికర క్యాలరీలు చూస్తే నాకే బాధగా ఉందమ్మా. మినహాయించడానికి ఏమీ దొరకడం లేదు. పొయ్యి శాశ్వతంగా మూసెయ్యడం తప్ప..."

"కొట్టుకి నడిచిన కష్టం తీసేస్తారు కదండీ?" అంది సత్యవేణి గోడ పట్టుకుని.

"నిబంధనే అది."

"మరి పొద్దుట్నించీ మీ మెట్లు ఎక్కి దిగిన కష్టం దేన్లోంచి తీసేశారండీ? ఈ జంతికల కోసమే కదండీ ఎక్కాను."

దెప్పుతూ అన్న మాట అది. అన్నాక భయపడింది. కానీ పరాంకుశం గారికి కోపం రాలేదు. ఆయన నెమ్మదిగా కుర్చీలోంచి లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లి, మెట్ల మీద రొప్పుతూ ఎక్కి దిగుతున్న జనాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"గవర్రాజూ, దవడల నుంచి తీసి ఆ తీగలు కాళ్లకి పెట్టుకో. టోకెను నుంచి మొదలుపెట్టు."

గవర్రాజు వెళ్లాడు. సామాన్య పౌరుడిలా ప్రవర్తించమని ఆదేశం. నాలుగో అంతస్తు ఆవిడ అతన్ని కూడా కిందికి పంపింది. తిరిగొచ్చి నేల మీద చతికిలబడేసరికి పెట్టె మీద అంకెలు అయిపోయి, పెట్టె ఆగిపోయింది. ఒక జంతిక కాదు, ప్యాకెట్టు మొత్తం తిన్నా నికర క్యాలరీలు సున్నా కంటే దిగువనే ఉన్నాయి.

పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లుగా మనం ప్రజలకి చేస్తున్న సేవ ఏమిటో మనకే తెలియలేదయ్యా."

ఉత్తర్వు ఆ రోజే వెలువడింది. మండలి చరిత్రలో ఒక్కరోజులో వెలువడింది అదొక్కటే. కరిగే జంతికలకి పూర్తి ఈక ముద్ర మంజూరు. అయితే అవి మండలి కార్యాలయంలోనే, అన్ని కౌంటర్లూ తిరిగి వచ్చినవారికే, అక్కడే తినే షరతు మీద అమ్మాలి. లిఫ్టు మరమ్మతు ఫైలు ప్రజారోగ్యం దృష్ట్యా శాశ్వతంగా మూసెయ్యడమైనది.

ఊళ్లో పొయ్యి మళ్లీ వెలిగింది. నలుగురు ఆడవాళ్లూ నూనె గిన్నె తీసి కళ్లకద్దుకున్నారు. హైస్కూలు మైదానం ఖాళీ అయిపోయి, నడిచేవాళ్లంతా మండలి మెట్లకి మారారు. సుదర్శనం మాస్టారు మొదటి రోజే నాలుగో అంతస్తు దాకా వెళ్లి, జంతిక నోట్లో వేసుకుని, పాత ప్యాకెట్టుని ముడి విప్పకుండానే అక్కడి కిటికీలోంచి అవతల పారేశారు. మంగాయమ్మ మాత్రం రెండు రోజులు అన్నం మానేసింది. పరాంకుశం గారు ఆవిడ జంతికని ఒకదాన్ని కాగితాలు ఎగిరిపోకుండా తన బల్ల మీద పెట్టుకున్నారని తెలిశాక మళ్లీ తింది. "నీ జంతిక పెట్టుకున్నారా ఆఫీసులో?" అని కోడలిని అడుగుతుంటుంది ఇప్పటికీ.

సత్యవేణి రోజూ సరుకు తీసుకుని వెళ్తుంది. సూరిబాబు డబ్బాలు మోస్తాడు, ఆవిడ పిల్లని మోస్తుంది. పైకి వెళ్లాక ఓ బల్ల మీద కూర్చోబెట్టి పిల్లకి తినిపిస్తుంది. అలా తినిపిస్తుండగా ఓ రోజు పరాంకుశం గారు వచ్చి ఆగారు.

"ఈ పిల్ల మెట్లు ఎక్కిందా?"

"లేదండి. నేనే ఎత్తుకొచ్చానండి."

"కౌంటర్లు తిరిగిందా?"

"నా చంకలో ఉందండి."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "అంటే శ్రమ నీది. తిండి దానిది. నువ్వు ఖర్చుపెట్టిన క్యాలరీలు నీ లెక్కలో పోతున్నాయి. తిన్నవేమో మొత్తం పిల్ల దగ్గరే మిగిలిపోతున్నాయి." చంకలోని నిబంధనల పుస్తకం తీసి ముందుకి తిప్పారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకి తిప్పారు. "దీనికి నిబంధన లేదే!"

"లేదండి" అంది సత్యవేణి.

ఆయన అలా తిప్పుతూనే ఉన్నారు. సత్యవేణి పిల్ల మూతి కొంగుతో తుడిచి, చంకనేసుకుని లేచింది. యోషిత పరాంకుశం గారి వైపు చెయ్యి చాపి, "ఇంకోటి" అంది. పుస్తకంలోంచి తలెత్తకుండానే ఆయన డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చారు.

మెట్లు దిగుతుంటే నడుం కొంచెం లాగింది. మొదటి అంతస్తు మలుపులో ఆగి, పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. ఎండిన బీరకాయ కాదు. చెయ్యి నొప్పి పుట్టేంత బరువు. అంగన్‌వాడీ టీచరు చెప్పక్కర్లేదు, చెయ్యే చెబుతోంది. వెనకటి రోజుల్లోలా వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా వెళ్లి చెప్పుకోవాలనిపించింది.

కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే రాసుకుంటారు.